జరిమానాలు తగ్గితే పరిహారం ఎవరివ్వాలి?

అమెరికాలో నేర బాధితులకు అందే పరిహారంలో ఫెడరల్ ప్రభుత్వ వాటా పన్నుల నుంచి రాదు. 1984 నాటి చట్టం ప్రకారం, ఫెడరల్ నేరాల్లో దోషులు కట్టే జరిమానాలే ఆ వాటా చెల్లించే ప్రత్యేక నిధికి ప్రధాన ఆధారం. ఈ ఏర్పాటు వినడానికి న్యాయంగానే ఉన్నా, పెద్ద కంపెనీల కేసులు విచారణ దాకా వెళ్లకుండా ఒప్పందాలతో ముగిసి, ఆ సొమ్ము సాధారణ ఖజానాకు చేరడంతో నిధి చిక్కిపోయింది. 2021లో చట్టాన్ని సవరించి ఆ సొమ్మును నిధికే మళ్లించారు. రాష్ట్రాలు బాధితులకు చెల్లించే పరిహారానికి ఈ నిధి ఇచ్చే తోడ్పాటును 60 నుంచి 75 శాతానికి పెంచారు. అయినా జరిమానాల రాబడి ఏటా ఒకేలా ఉండదు, నేరాలేమో రాబడి చూసుకుని జరగవు కదా! అందుకే, రాబడి పడిపోయిన ఏడాది ఆసుపత్రి బిల్లులు, అంత్యక్రియల ఖర్చుల చెల్లింపు ఆగకుండా, ఆ లోటును సాధారణ బడ్జెట్ నుంచి తప్పనిసరిగా పూడ్చాలనే నిబంధనను చట్టంలోనే చేర్చాలని నా అభిప్రాయం.