నా మంచును దాచేసిన వాన

ఆగస్టు వానలకు బయట హైదరాబాద్ తడిసి ముద్దవుతుంటే, నేను మా ల్యాబ్‌లో నీటిని 10 కెల్విన్ దగ్గర, అంటే మైనస్ 263 డిగ్రీల చలిలో, గడ్డకట్టించే పనిలో ఉన్నాను. నక్షత్రాల మధ్య మేఘాల్లో ధూళి రేణువులకు పట్టే మంచు మన ఫ్రిజ్‌లో ఐసులాంటిది కాదు. అంత చలిలో నీటి అణువులు వరుసగా సర్దుకోలేవు, పడ్డచోటే అతుక్కుపోతాయి. వేడిచేస్తూ పోతే ఆ చిందరవందర మంచు ఎప్పుడు స్ఫటికమవుతుందో పరారుణ కాంతితో పట్టుకోవాలి.

ఇందులో సగం పని ఎదురుచూడటమే. గాలి తీసేసిన ఉక్కు పెట్టెకు, అంటే మా చాంబర్‌కు, అల్యూమినియం ఫాయిల్ చుట్టి, గోడల్లో తేమ పోయేదాకా రెండు రోజులు వేడిచేశాను. చాంబర్ లోపల మంచు పట్టించడానికి పరారుణ కాంతి దాటిపోయే చల్లని కిటికీ ఉంటుంది. ముందు అది ఖాళీగా ఉండగా స్పెక్ట్రం, అంటే ఏ కాంతి ఎంత ఇంకుతోందో చూపే గ్రాఫ్, తీసుకుని, తర్వాత దాని మీదికి సన్నగా నీటి ఆవిరి వదిలాను. 3280 తరంగసంఖ్య (ఒక సెంటీమీటరులో పట్టే కాంతి అలల లెక్క) దగ్గర వెడల్పాటి మూపురం లేచింది. హమ్మయ్య అనుకున్నాను.

కానీ 3696, 3720 దగ్గర కనబడాల్సిన రెండు చిన్న బుడిపెలు లేవు. మంచులోని సూక్ష్మ రంధ్రాల అంచున, పట్టుకోవడానికి పక్క అణువు దొరక్క చెయ్యి గాల్లో వేలాడేసిన అణువుల గుర్తులవి. వాటి చోట దువ్వెన పళ్ళలా గీతలే గీతలు. చాంబర్ లీకవుతోందని టెన్షన్‌తో బోల్టులన్నీ బిగించాను. ఒక రోజంతా దానికే పోయింది.

సీనియర్ అన్న వచ్చి స్క్రీన్ చూసి, "తమ్మీ, తేడా చాంబర్ల లేదు. నైట్రోజన్ సిలిండర్ చూసినవా?" అన్నాడు. ఖాళీ! స్పెక్ట్రం తీసే యంత్రం, స్పెక్ట్రోమీటర్, పెట్టెలోకి తేమ రాకుండా పంపే పొడి నైట్రోజన్ ఆగిపోయి, వానాకాలపు గాలి దూరింది. పెట్టెలో తేమ పీల్చే సిలికా జెల్ నీలం నుంచి గులాబీకి మారి ఎన్నాళ్ళయిందో! నేనే చూడలేదు. ఆ గీతలు గాల్లోని ఆవిరివి.

సిలిండర్ మార్చి మళ్ళీ మొదట్నుంచి. ఈసారి రెండు బుడిపెలూ కనబడ్డాయి. నిమిషానికి 2 కెల్విన్ చొప్పున వేడి పెంచుతుంటే ముందు అవే మాయమయ్యాయి. 150 దగ్గరికొచ్చేసరికి మూపురం సన్నబడి, కొస తేలి, 3220 వైపు జరిగింది. అనుమానంకొద్దీ మళ్ళీ 10కి చల్లార్చాను. వెనక్కి రాలేదు, స్ఫటికం స్ఫటికంలాగే ఉంది. ఎక్కడో పుట్టే నక్షత్రం చుట్టూ ఉన్న మంచు ఒకప్పుడు వేడెక్కిందని ఇలాగే కదా చెప్పేది అని నేను మురిసిపోతుంటే, అన్న గడియారం చూసుకున్నాడు.

"ఇగ వేడిచేసి ఎగరగొట్టు. రేపు పొద్దున స్లాట్ నాది."