పాత కారు తలుపులో కొత్త స్పీకర్లు
నాన్నగారి ఇరవయ్యేళ్ల నాటి కారుకు 6.5 అంగుళాల స్పీకర్లు బిగించిన మొదటి రోజు మృదంగం మోత రేకుడబ్బా చప్పుడులా వినిపించింది. స్పీకరు వెనుక నుంచి వెలువడే తరంగం ముందరి తరంగానికి వ్యతిరేక దశలో ఉంటుంది కనుక, సందుల గుండా రెండూ కలిస్తే మంద్రస్వరాలు అణగిపోతాయి. అందుచేత స్పీకరును తలుపుకు బిగించే ఎం.డి.ఎఫ్. (చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన పలక) రింగుకు వాన చెమ్మకు ఉబ్బకుండా రెండు పూతలు ఎనామిల్ పెయింటు వేసి, రేకుకూ రింగుకూ నడుమ ఫోమ్ టేపు అంటించి, తలుపు లోపలి రేకుకున్న పెద్ద రంధ్రాలను బ్యుటైల్ షీటుతో (అంటుకునే రబ్బరు పలకతో) మూసివేశాను. అద్దం పూర్తిగా దించి చూడకుండానే కొలత తీసుకున్నందువల్ల దించినప్పుడు ఆ అద్దం స్పీకరు వెనుకనున్న అయస్కాంతానికి తగిలి, ఒక రింగును మరింత మందంగా మళ్లీ కోయవలసి వచ్చింది. తలుపు అడుగున నీరు కారిపోయే రంధ్రాలను మాత్రం ముట్టుకోలేదు. అవి మూసుకుపోతే వాననీరు లోపలే నిలిచి తుప్పు పడుతుంది.