తూపిలిపాళెం బీచికి బస్సులో ఒక్కదాన్నే: నా అనుభవం

నిన్న రాత్రే తిరుపతి చేరాను. కాళ్ల నొప్పులు తగ్గాయి గానీ కోపం తగ్గలేదు. చల్లారిపోకముందే రాసేస్తున్నా. తూపిలిపాళెం బీచికి ఆర్టీసీ బస్సుల్లో ఒక్కదాన్నే వెళ్లి, పొద్దున్నే సముద్రం ఒడ్డున తిరిగొచ్చాను. నడక తేలిక. బస్సులూ తేలికే. మధ్యలో ఒక లాడ్జి కౌంటరు ఉంది, అసలు బాధంతా అక్కడే.

2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు చేసినప్పుడు తూపిలిపాళెం ఉన్న వాకాడు, సూళ్లూరుపేట వైపు మండలాలు తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. కొండ కింద పుట్టి పెరిగిన మాకు అలా కాగితం మీద ఒక సముద్రం దక్కింది. అయినా మావాళ్లు బీచ్ అంటే చెన్నై మెరీనాకే పరిగెడతారు. ఆ జనంలో నాకు నడక సాగదు.

తిరుపతిలో పొద్దున బయల్దేరితే తూపిలిపాళెం చేరేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది. అందుకే ముందురోజు సాయంత్రానికి గూడూరు చేరి, రాత్రి అక్కడే ఉండి, తెల్లారి మొదటి బస్సు పట్టుకుందామనుకున్నా. సెంట్రల్ బస్టాండులో నెల్లూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా వెళ్లేది. ఆధార్ చూపిస్తే జీరో టికెట్. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి, అంటే ఆడవాళ్ల ఉచిత బస్సు పథకం, పల్లెవెలుగుకీ ఎక్స్‌ప్రెస్‌కీ వర్తిస్తుంది గానీ, అల్ట్రా డీలక్స్, సూపర్ లగ్జరీ ఎక్కితే డబ్బులు కట్టాల్సిందే. ఎక్కేముందు "గూడూరు ఊళ్లోకి పోతుందా, బైపాస్‌లో దించేస్తారా?" అని కండక్టరును తప్పకుండా అడగండి. చీకటి పడే వేళ హైవే మీద దిగి ఆటోల కోసం చెయ్యి ఊపుకుంటూ నిలబడడం మనకెందుకు?

ఇక లాడ్జి.

బస్టాండుకు దగ్గర్లోనే, బయటికి శుభ్రంగా కనిపించేది చూసుకుని వెళ్లాను. కౌంటరులో పాతికేళ్ల కుర్రాడు.

"రూమ్ ఉందా బాబూ?"

"ఉందమ్మా. ఎంతమంది?"

"ఒక్కదాన్నే."

తాళాల బోర్డు మీదికి పోయిన చెయ్యి అక్కడే ఆగింది. "సార్ వెనకాల వస్తున్నారా?"

"ఏ సారూ రావడం లేదు."

"అయితే కుదరదమ్మా. సింగిల్ లేడీస్‌కి ఇవ్వం. పోలీసులు ఒప్పుకోరు."

కొండమీద ఒక్కరికే గది ఇవ్వరన్న సంగతి తిరుపతి వాళ్లకు కొత్త కాదు. ఒంటరిగా దర్శనానికి వచ్చిన బంధువులకు ఆ మాట చెప్పి మా ఇంట్లోనే పడక వేసినదాన్ని నేను. కానీ ఇది దేవుడి సత్రం కాదు కదా, డబ్బులు తీసుకుని గదులు అద్దెకిచ్చే వ్యాపారం. "పోలీసులు ఆ మాట ఎక్కడ రాసిచ్చారో చూపించు" అన్నాను. ఓనర్ చెప్పారన్నాడు. ఓనర్‌కు ఫోన్ చెయ్యమన్నా. చేశాడు, ఆయన ఎత్తలేదు.

ఈలోగా ఇద్దరు మగవాళ్లు వచ్చారు. ఒకతను కౌంటరును పట్టుకుని నిలబడ్డాడు, వదిలితే పడేలా ఉన్నాడు. వాసన నాదాకా వచ్చింది. ఒక ఆధార్ కార్డు ఇచ్చారు, తాళం తీసుకున్నారు, మెట్లెక్కి పోయారు. రెండో అతని పేరు కూడా అడగలేదు.

నేను కదల్లేదు. సోఫాలో కూర్చుని బ్యాగు ఒళ్లో పెట్టుకున్నాను. కాసేపటికి ఆ కుర్రాడికే ఇబ్బందిగా అనిపించిందో ఏమో, ఒక మెట్టు దిగాడు. "పోనీ ఇంట్లో మగవాళ్లెవరైనా ఫోన్లో చెబితే చూస్తానమ్మా."

మా ఆయన పోయి చాలా కాలమైంది. ఇంట్లో మగవాడంటే నా కొడుకే. వాడికి పంతొమ్మిదేళ్లు, చెన్నైలో హాస్టల్లో ఉంటాడు. వాడి ఫీజు నేను కడతాను. ఆ ఫోనుకు రీఛార్జి నేను చేయిస్తాను. బయట చీకటి పడిపోయింది కాబట్టి పళ్లు నూరుకుంటూ నంబరు కలిపి ఇచ్చాను. కౌంటరు కుర్రాడు స్పీకర్ ఆన్ చేశాడు. టీ గ్లాసులు తీసుకెళ్తున్న అబ్బాయి కూడా ఆగి వింటున్నాడు.

"సార్, మీ అమ్మగారు ఒక్కరే వచ్చి రూమ్ అడుగుతున్నారు. మీకు తెలిసే వచ్చారా?"

"ఆ, బీచికి వెళ్తున్నానంది. ఏమైంది? అమ్మకు బాగానే ఉందా?"

"బాగానే ఉన్నారు సార్. ఇవ్వమంటారా మరి? మీకు ఓకేనా?"

"నాకు ఓకే ఏంటండీ?"

"అదే సార్, పర్మిషన్."

అటువైపు కాసేపు మాటలేదు. తర్వాత మావాడు మెల్లగా "ఇవ్వండి" అన్నాడు. నాకు చెవుల్లోంచి పొగలొచ్చాయి. గది ఇవ్వనన్నప్పుడు కూడా అంత కోపం రాలేదు. పొద్దున లేపితేనే గానీ లేవని వాణ్ణి "సార్" అని, వాడి అనుమతితో నాకు గది ఇచ్చినప్పుడు వచ్చింది.

అక్కడితో అయిపోలేదు. రిజిస్టరులో "వచ్చిన పని" అని ఒక గడి ఉంది. "సముద్రం ఒడ్డున నడవడానికి" అని రాశాను. కుర్రాడు తల గోక్కున్నాడు. "అట్లా రాయకూడదమ్మా. దైవదర్శనం అని రాయండి, ఏ ఇబ్బందీ ఉండదు." తిరుపతిలో ఉండేదాన్ని దర్శనానికి గూడూరు వచ్చానంటే ఎవరు నమ్ముతారని అడిగితే, నమ్మకపోయినా పర్లేదు, రాయడమే ముఖ్యమన్నాడు. నేను కొట్టెయ్యలేదు. నా పేరు పక్కన మావాడి నంబరు రాసుకున్నాడు. సింగిల్ అయినా డబుల్ రేటే పట్టాడు. రాత్రి పదింటికి తలుపు కొట్టి "అంతా బాగానే ఉందా అమ్మా?" అని అడిగి వెళ్లాడు. నేను ఉరేసుకుంటానని వాళ్ల భయం! లోపల గడియ వదులుగా ఉంది, కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకున్నాను.

పెద్దవాళ్లెవరైనా గుర్తింపు కార్డు చూపిస్తే, ఒంటరిగా వచ్చారు కాబట్టి గది ఇవ్వకూడదని చెప్పే చట్టం మన దేశంలో లేదు. పోలీసుల పేరు చెప్పేది తమ భయాన్ని కప్పుకోవడానికే. బస్సు ఫ్రీగా ఇచ్చి ఆడవాళ్లను ఊళ్లు తిరగమన్నారు, సంతోషం. మరి దిగిన ఊళ్లో రాత్రి ఎక్కడుండాలి? మీరు వెళ్లేటట్లయితే ముందే ఫోన్ చేసి "ఒక్కరికి, ఆడమనిషికి ఇస్తారా?" అని సూటిగా అడిగి, చెప్పినవాళ్ల పేరు రాసుకోండి. ఆన్‌లైన్లో బుక్ చేశాం కదా అని ధీమాగా వెళ్లొద్దు, తిప్పి పంపాలనుకునేవాళ్లు దాన్ని కూడా లెక్కచెయ్యరు.

పొద్దున్నే కోట అనే ఊరి మీదుగా వాకాడుకు పల్లెవెలుగు దొరికింది. వాకాడు మాజీ ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దన రెడ్డి సొంతూరు. స్వర్ణముఖి మీద బ్యారేజీ ఉన్నది ఇక్కడే. తిరుచానూరు దగ్గర ఇసుకగా తప్ప నేనెప్పుడూ సరిగా చూడని ఏరు ఇక్కడ నీళ్లతో కనిపిస్తే ముచ్చటేసింది. అక్కడినుంచి ఆటో మాట్లాడుకున్నా. రానూ పోనూ కలిపి మాట్లాడుకుని, డ్రైవరు నంబరు తీసుకోండి. బీచిలో తిరుగు ఆటో కోసం కాచుకోవడం శుద్ధ దండగ. దారంతా రొయ్యల గుంటలు, సరుగుడు తోటలు.

నడవాల్సింది అల తగిలి వెనక్కిపోయే చోట, తడి ఇసుక మీద. అక్కడ పాదం దిగదు. పైన పొడి ఇసుకలో నడిస్తే పిక్కలు పట్టేస్తాయి. చెప్పులు చేతిలో పట్టుకోండి గానీ కళ్లు కిందే ఉంచండి, గవ్వ పెంకులూ వల దారాలూ ఉంటాయి. అడుగు పడే లోపే ఎండ్రకాయలు బొరియల్లోకి దూరిపోతాయి. పడవలు దాటాక ఒక ఆలివ్ రిడ్లే తాబేలు చచ్చిపడి ఉంది, డిప్ప మీద ఇసుక పేరుకుని. చలికాలంలో గుడ్లు పెట్టడానికి ఈ ఒడ్డుకు వస్తూ వలల్లో చిక్కుకుంటాయి. చేపలు ఏరుతున్న ఒకామె నన్ను చూసి "ఒక్కదానివేనా అక్కా? నీళ్లలోకి మాత్రం దిగబాక" అంది. మంచి మాట. ఇక్కడ మునిగిపోయినవాళ్ల వార్తలు పేపర్లో చూస్తూనే ఉంటాం. ఎండ చుర్రుమనేదాకా నడిచాను, ఎక్కడా కూర్చోలేదు. అలిపిరి మెట్లు 3550 ఆగకుండా ఎక్కేదాన్ని, చదునైన ఇసుక నాకొక లెక్కా!

లాడ్జి గొడవే వద్దనుకునేవాళ్లకు సూళ్లూరుపేట మేలు. పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చెయ్యొచ్చు. అక్కడినుంచి శ్రీహరికోట రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచే పోతుంది, చలికాలంలో ఫ్లెమింగోలు రోడ్డు మీదికే కనిపిస్తాయి. నీడ అసలుండదు. గాలికి గొడుగు తిరగబడుతుంది కాబట్టి టోపీ పెట్టుకోండి. వాహనాలు వేగంగా పోతుంటాయి, అంచు వదిలి రోడ్డు మీదికి రావొద్దు. ఆ చివర సముద్రం ఉంది గానీ అది షార్, అంటే ఇస్రో రాకెట్ కేంద్రం లోపలుంది, పాస్ లేనిదే గేటు దాటనివ్వరు.