లాక్టులోజ్ మోతాదు కుదిరేదాకా: నా అనుభవం

అన్నయ్యను ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన చీటీలో లాక్టులోజ్ అనే విరేచనకారి సిరప్‌కు ఎదురుగా '30 ఎంఎల్, రోజుకు మూడుసార్లు' అని ఉంది. దాని కిందనే డాక్టరుగారు 'రోజుకు రెండు మూడు మెత్తటి విరేచనాలు కావాలి' అని రాసి, గీత గీసి మరీ ఇచ్చారు. అసలు మోతాదు ఆ రెండో వాక్యంలోనే ఉందని ఇంటికి వచ్చాక ఆచరణలో తెలిసింది.

ఏళ్ల తరబడి ఉన్న షుగరు, కాలేయంలో పేరుకున్న కొవ్వు కలిసి ఆయనకు సిర్రోసిస్, అంటే కాలేయం గట్టిపడే జబ్బు, తెచ్చిపెట్టాయి. పేగుల్లో పుట్టే అమ్మోనియాను ఆరోగ్యంగా ఉన్న కాలేయం యూరియాగా మార్చి మూత్రం దారిన పంపిస్తుంది. గట్టిపడిన కాలేయం ఆ పని పూర్తిగా చేయలేదు; కొంత రక్తం కాలేయాన్ని తాకకుండానే పక్కదారిన పోతుంది కూడా. అలా మిగిలిన అమ్మోనియా మెదడుకు చేరితే మనిషి తికమక పడతాడు. అన్నయ్య విషయంలో మొదట తారుమారైంది నిద్ర: పగలంతా కునికిపాట్లు, రాత్రంతా మెలకువ. నాలుగు రోజులు మలబద్ధకం పట్టేసరికి వదినను పేరు పెట్టి పిలవలేని స్థితికి వచ్చారు. ఆసుపత్రిలో నోటి ద్వారా ఏమీ ఇవ్వడానికి వీలుకాక, 300 ఎంఎల్ లాక్టులోజ్‌ను 700 ఎంఎల్ నీటిలో కలిపి ఎనిమా ఇచ్చారు. మర్నాటికి మాట స్పష్టమైంది.

ఈ పదార్థం నాకు పూర్తిగా కొత్తది కాదు. పాల డెయిరీ ప్రయోగశాలలో పనిచేసిన రోజుల్లో, పాలను ఎంత తీవ్రంగా కాచారో తెలిపే గుర్తుగా దీని పేరు వినేవాణ్ణి. పచ్చి పాలలో ఇది ఉండదు. కాచినకొద్దీ పాలలోని చక్కెర అయిన లాక్టోజ్ కొంత లాక్టులోజ్‌గా మారుతుంది. లీటరుకు 600 మిల్లీగ్రాముల లోపు ఉంటే యూహెచ్‌టీ పాలు (చాలా ఎక్కువ వేడిలో కొద్ది క్షణాలే కాచినవి), దాటితే సీసాలో పెట్టి స్టెరిలైజ్ చేసిన పాలు అని అంతర్జాతీయంగా ఒక హద్దు పెట్టుకున్నారు. కర్మాగారంలో జరిగేదీ అదే మార్పు, కాకపోతే పెద్ద ఎత్తున, అదుపులో. చీజ్ తీశాక మిగిలే తేట నీటి నుంచి లాక్టోజ్‌ను వేరు చేసి, చిక్కటి ద్రావణం చేసి, క్షారం కలిపి వేడి చేస్తారు. లాక్టోజ్‌లో గెలాక్టోజ్ అనే చక్కెరకు జతగా ఉన్న గ్లూకోజ్ ఆ వేడికి ఫ్రక్టోజ్‌గా మారుతుంది. క్షారం ఒక్కటే వాడితే దిగుబడి తక్కువ కనుక బోరేట్ వంటివి కూడా కలుపుతారు. తరువాత వాటిని పూర్తిగా తొలగించడమే ఖర్చుతో కూడిన పని. మారకుండా మిగిలిన లాక్టోజ్‌ను స్ఫటికాలుగా తీసేసి, మిగిలినదాన్ని చిక్కబరిస్తే సిరప్ వస్తుంది.

ఫ్రక్టోజ్‌తో కట్టిన ఈ జతను విడగొట్టే ఎంజైము మన చిన్నపేగులో లేదు. అందుకే అది అరగకుండా పెద్దపేగుకు చేరుతుంది. అక్కడి బాక్టీరియా దాన్ని పులియబెట్టి ఆమ్లాలు తయారుచేస్తాయి. ఆ ఆమ్లత్వంలో అమ్మోనియా రక్తంలోకి దూరలేని అమ్మోనియంగా మారి, నీటిని లాక్కున్న మలంతోపాటు బయటికి పోతుంది. కాలేయ రోగుల తికమకకు దీన్ని వాడవచ్చని స్విట్జర్లాండ్ వైద్యులు 1966లో చూపించారు.

"షుగరున్న మనిషికి ఇంత తియ్యటి మందేమిటయ్యా?" అని వదిన అడగడం న్యాయమే. రక్తంలోకి చేరేది బహు స్వల్పం. అయితే సిరప్‌లో కొద్దిగా లాక్టోజ్, గెలాక్టోజ్ మిగిలి ఉంటాయి కనుక, కాలేయ రోగులు తాగే పెద్ద మోతాదుల్లో షుగరు పరీక్ష మానకూడదని డాక్టరుగారు చెప్పారు. 15 ఎంఎల్‌లో 10 గ్రాముల లాక్టులోజ్ ఉంటుంది. అంటే మూడు పూటలకు కలిపి 60 గ్రాములు.

వదిన ఒక నోటుపుస్తకంలో మందు తాగిన వేళ, విరేచనాల సంఖ్య రాసేది. ఆ పేజీలోనే అన్నయ్య చేత రోజూ ఉదయం సంతకం చేయించేవాళ్లం. అక్షరాలు వంకర పోయిన రోజున చేతులు ముందుకు చాపి, ఎవరినో ఆగమన్నట్టు అరచేతులను మణికట్టు దగ్గర పైకి వంచమనేవాణ్ణి. మణికట్టు దగ్గర చేతులు ఉండుండి వాలిపోతుంటే అమ్మోనియా పెరుగుతోందని గుర్తు. మొదట్లో కడుపు ఉబ్బరం, గాలి ఆయనను బాగా ఇబ్బంది పెట్టాయి. మందు మానేస్తానని అలిగినది ఆ వారంలోనే. ఎండాకాలంలో ఒకసారి విరేచనాలు ఐదు దాటితే, డాక్టరుగారు ముందే చెప్పి ఉంచినట్టు మోతాదు సగానికి తగ్గించి రక్తపరీక్ష చేయించాం. సోడియం పడిపోయి ఉంది. ఒళ్లు ఎండిపోయినా, సోడియం తగ్గినా మళ్లీ అదే తికమక మొదలవుతుంది. ఎక్కువ తాగితే ఎక్కువ మేలు అన్న లెక్క ఈ మందుకు అసలు పనికిరాదు.

తిండి దగ్గర బంధువుల సలహాలు ఎదురు తిరిగాయి. మాంసకృత్తులు అమ్మోనియా పెంచుతాయని పప్పు మాన్పించమన్నారు. ఆహార నిపుణురాలు దానికి ఒప్పుకోలేదు. కండరాలు కూడా అమ్మోనియాను పట్టి ఉంచుతాయి కనుక, అవి కరగకుండా కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ అందాలని, పప్పు, పెరుగు, శనగలు దానికి మంచివని, రాత్రి పడుకోబోయే ముందు కొంచెం తినాలని చెప్పింది. పొట్టలో నీరు చేరుతున్నందున ఆపింది ఉప్పు, దానితోపాటు ఆవకాయ. అన్నయ్యకు అన్నిటికంటే కష్టమనిపించిన కట్టడి ఇదే.

తరువాత మా అమ్మాయికి గర్భం ఆరో నెలలో మలబద్ధకం వస్తే డాక్టరమ్మ ఇదే సిరప్‌ను రాత్రి పూట 15 ఎంఎల్ రాసింది. గెలాక్టోజ్ పడని జన్యు లోపం ఉన్నవాళ్లకు తప్ప ఇది గర్భిణులకూ ఇవ్వదగిన మందు. జపాన్‌లో పసిపిల్లల పాలపొడిలోనూ కలుపుతారు, పేగులో మేలు చేసే బిఫిడోబాక్టీరియాకు మేతగా. మర్నాడు ఫలితం కనిపించలేదని అమ్మాయి సీసా పక్కన పెట్టబోయింది. పెద్దపేగు దాకా చేరి పులియడానికి ఒకటి రెండు రోజులు పడుతుందని చెప్పి, ఆ రాత్రి కూడా తాగమన్నాను. ఆ తరువాతి ఉదయానికి పనిచేసింది.