24 నిమిషాల ఉప్పెన: డాక్యుమెంటరీ తీసిన నా అనుభవం

తొమ్మిదో తరగతికి విపత్తుల పాఠం చెబుతూ "ఉప్పెన అంటే ఏమిటి?" అని అడిగాను. క్లాసులో సగం చేతులు లేచాయి. "సినిమా మేడం" అన్నారు. మా స్కూలు రేపల్లె వైపు. పెనుమూడి వారధి దాటితే అవతలంతా దివిసీమే. నాగాయలంక గంటన్నర ప్రయాణం కూడా కాదు. ఆ పిల్లల్లో ఇద్దరి నాయనమ్మలు 1977లో దివిసీమను ముంచిన ఉప్పెన నీళ్ళలోంచి బయటపడ్డవాళ్ళని నాకు తెలుసు. వాళ్ళకే తెలియదు.

తెలియకపోవడం వాళ్ళ తప్పు అనలేను. మా అత్తగారిదీ దివిసీమే. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు అవుతోంది, ఆవిడ నోట ఉప్పెన మాట నేను ఒక్కసారీ వినలేదు. గాలివాన పట్టిన రాత్రి మాత్రం పడుకోదు. వీధి తలుపుకు గడియ వేయనివ్వదు. ఎందుకని నేనూ అడగలేదు.

పిల్లలకు చూపించడానికి ఏమైనా దొరుకుతుందేమోనని యూట్యూబ్‌లో వెతికాను. దొరికినవన్నీ ఒకే అచ్చు. వెనక ఏడుపు సంగీతం, ముందు బొంగురు గొంతు, మధ్యలో ఎక్కడివో విదేశీ అలలు. సరే, మనమే తీద్దాం అనుకున్నాను. పెళ్ళి వీడియోలు తీసే మా అక్క కొడుకును పిలిచాను. "ఎన్ని రోజులు పిన్నీ?" అన్నాడు. రెండు ఆదివారాలు చాలన్నాను. పద్నాలుగు నెలలు పట్టింది.

ముందుగా కామెంటరీ రాసేశాను. మొదటి తప్పు అదే. నా చిన్నప్పుడు హాల్లో సినిమాకు ముందు ఫిల్మ్స్ డివిజన్ వాళ్ళ న్యూస్ రీల్ వేసేవారు. 1948లో పుట్టిన సంస్థ అది. 2022లో ఎన్‌ఎఫ్‌డీసీలో, అంటే జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో కలిపేశారు. డాక్యుమెంటరీ అనగానే నా చెవిలో ఆ గొంతే. "ప్రకృతి కన్నెర్ర చేసిన ఆ కాళరాత్రి..." అని నాలుగు పేజీలు దంచాను. మావాడు చదివి, "పిన్నీ, ఇది పెళ్ళి వీడియోకి కూడా ఎక్కువే" అన్నాడు. నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. కాగితాలు చింపలేదు గానీ మళ్ళీ తీయలేదు.

మొదటి ఆదివారం పొద్దున్నే బయల్దేరి మొత్తం నాలుగు ఊళ్ళు తిరిగాం. ఎవరి ఇంటికి వెళ్ళినా కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చారు. ఉప్పెన గురించి అడిగితే అందరూ మాట్లాడారు కూడా. మదర్ థెరీసా వచ్చిందని, ఎన్టీఆర్, ఏయన్నార్ జోలె పట్టి చందాలు వసూలు చేశారని, హెలికాప్టర్లోంచి పొట్లాలు వేశారని. బయటివాళ్ళు ఏం చేశారో పూస గుచ్చినట్టు చెబుతున్నారు. "మరి మీ ఇంట్లో?" అనేసరికి, "మా ఇంట్లో ఏడుగురు పోయారమ్మా" అని ఆగిపోతున్నారు. ఏడుగురు, ముగ్గురు, పదకొండు మంది. అంకె చెప్పి పైపంచె సర్దుకుంటారు. అంతే. ఒకావిడ అంకె కూడా చెప్పలేదు, లేచి లోపలికి వెళ్ళిపోయింది. కెమెరా ఖాళీ మంచాన్ని తీస్తూ ఉండిపోయింది. మావాడికి ఆపాలని తోచలేదు. నేనూ చెప్పలేదు.

వచ్చేటప్పుడు కారులో ఇద్దరం మాట్లాడుకోలేదు.

విజయవాడలో ఒక కాలేజీలో సైకాలజీ చెప్పే నా స్నేహితురాలికి ఆ వీడియోలు చూపించాను. తను బాగా చీవాట్లు పెట్టింది. "నువ్వు వాళ్ళను నేరుగా ఆ రాత్రిలోకి తోసి, నోట్సు రాసుకుని వచ్చేశావు" అంది. పీటీఎస్‌డీ, అంటే ఘోరం చూసిన మనిషిని ఆ భయం తర్వాత కూడా వదలకపోవడం, ఆ జబ్బు పేరు అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలోకి ఎక్కిందే 1980లో. అంటే ఉప్పెన వచ్చిన మూడేళ్ళకి. అప్పుడు దివిసీమలో బతికిన మనిషికి బియ్యం, బట్టలు, తర్వాత ఇల్లు ఇచ్చారు. నిద్ర పడుతోందా అని అడగాలన్న ఆలోచన అప్పటికి ఎవరికీ లేదు. నలభై అయిదేళ్ళ తర్వాత ఒక పంతులమ్మ వచ్చి కెమెరా పెట్టి అడిగితే ఏం చెబుతారు?

తను రెండు మాటలు నేర్పింది. ఆ రోజు పొద్దున్నుంచి మొదలుపెట్టించు, రాత్రి నుంచి కాదు. ఎంతవరకు చెప్పినా సరే, మాటలు ముగించేలోపు మనిషిని ఈ రోజుకు తీసుకొచ్చి వదులు, నీళ్ళలో వదిలేసి రాకు. మనవలు ఏం చదువుతున్నారో, సాయంత్రం ఏం కూరో, ఏదో ఒకటి అడిగి గానీ లేవకు.

అసలు కిటుకు మాత్రం మా అత్తగారి దగ్గర దొరికింది. వీడియోలు ఇంట్లో పెట్టుకుని చూస్తుంటే వంటింట్లోంచి వింటోంది. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "పోయినోళ్ళ గురించి అడిగితే ఎవరు చెబుతారమ్మాయ్? గొడ్ల గురించి అడుగు. పలుపులు విప్పామా లేదా అన్నది అక్కడ ఎవరూ మర్చిపోరు" అంది. నేను తలెత్తి చూసేసరికి కాయల్లో తల దూర్చేసింది.

రెండోసారి డిసెంబరులో వెళ్ళాం. "ఆ రోజు శనివారం కదా తాతగారూ, గేదెల్ని ఎక్కడ కట్టేశారు?" అని అడిగాను. ఆ ఒక్క ప్రశ్నకు నలభై నిమిషాలు మాట్లాడాడాయన. కోతకొచ్చిన వరి చేలల్లోనే ఉంది. పొద్దున్నుంచి ముసురు, మధ్యాహ్నానికి గాలి. పాక కప్పు లేచిపోతుంటే గేదెల పలుపులు కొడవలితో కోశాడు. ముడి విప్పే టైము లేదు. ఆ కొడవలి చేతిలోనే ఉండగా నీళ్ళొచ్చాయి. తుమ్మచెట్టు పట్టుకుని తెల్లవార్లూ ఉన్నాడు. తెల్లారి చూస్తే అరచేతుల్లో ముళ్ళు, కొడవలి ఎక్కడ వదిలాడో తెలియదు. "భార్య" అన్న మాట ఆయనే, తనంతట తనే, ముప్పయ్యో నిమిషంలో అన్నాడు. నేను ఏమీ అడగలేదు. అంతలో బ్యాటరీ అయిపోయింది. కొత్తది వేసేసరికి ఆయన మనవరాలి సంగతిలోకి వచ్చేశాడు. నేనూ అక్కడితో వదిలేశాను.

ఒక చిట్కా, ఇలాంటివి తీసేవాళ్ళకు. సముద్రం దగ్గర కాలర్ మైకు ఒక్కటే నమ్ముకోకండి. హంసలదీవి దగ్గర తీసిన రెండు గంటలూ గాలి హోరు తప్ప మరేమీ రికార్డు కాలేదు. తర్వాత నుంచి ఫోన్లో కూడా విడిగా రికార్డు చేశాం.

పాత ఫొటోల కోసం తిరిగిన తిరుగుడు ఒక కథ. అప్పటి పత్రికల్లో చాలా బొమ్మలు వచ్చాయి. లైబ్రరీలో చూశాను, ఫోన్లో తీసుకున్నాను. వాడేసుకోవచ్చు అనుకున్నా, ఎప్పటివో కదా! తెలిసిన లాయరు గారు ఆపారు. మన కాపీరైట్ చట్టం ప్రకారం అచ్చయిన ఫొటోకు మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. 1977లో వచ్చిన ఫొటో అంటే 2037 చివరిదాకా. పత్రిక ఆఫీసుకు మూడు ఉత్తరాలు రాశాను, పేరెందుకు గానీ ఒక్కదానికీ జవాబు రాలేదు. పోనీ బాధితుల ఇళ్ళలో ఉండే ఫొటోలు వాడదామంటే, మేం తిరిగిన ఇళ్ళలో ఉప్పెనకు ముందు తీసిన ఫొటో ఒక్కటీ లేదు. పెళ్ళి ఫొటోలు, తల్లిదండ్రుల ఫొటోలు, అన్నీ నీళ్ళ పాలే. పోయినవాళ్ళు ఎలా ఉండేవారో చూపించడానికి ఏమీ లేదు. చివరికి సినిమాలో పాత బొమ్మ ఒక్కటీ పెట్టలేదు. ఇప్పటి గట్లు, ఇప్పటి చేలు, ఇప్పటి తుమ్మలు, వాటి మీద వాళ్ళ గొంతులు. అలా కుదరడమే మంచిదయిందని ఇప్పుడు అనిపిస్తుంది.

పిల్లలకు అర్థం కాని ముక్క ఒకటి ఉంది. తుఫాను తీరం దాటింది చీరాల దగ్గర. ఘోరంగా మునిగింది దివిసీమ. ఎందుకు? స్కూలు గ్రౌండులో సుద్దతో తీరరేఖ గీసి, మేడ మీద నుంచి తీశాం. మన వైపు తుఫానులో గాలి గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో తిరుగుతుంది. తుఫాను నడిచే దారికి కుడి పక్కన ఆ గాలి సముద్రాన్ని భూమి మీదికి తోస్తుంది, ఎడమ పక్కన వెనక్కి లాగుతుంది. చీరాల దగ్గర కన్ను ఉంటే కుడి పక్కన ఉన్నది కృష్ణా డెల్టా. పైగా ఆ నేల బల్లపరుపు, నీళ్ళను ఆపడానికి గుట్టన్నదే లేదు. పదో తరగతి పిల్లలు పన్నెండు మంది వలయంలా తిరిగి చూపించారు. మొత్తం సినిమాలో నాకు నచ్చిన షాట్ అదే, ఎవరేమన్నా సరే.

ఎడిటింగులో పెద్ద గొడవ తాటిచెట్టు దగ్గర వచ్చింది. మాట్లాడిన పదకొండు మందిలో ఎనిమిది మంది అల తాటిచెట్టంత ఎత్తు వచ్చిందన్నారు. లెక్కల్లో ఉన్నది 5 మీటర్ల చిల్లర. తాటిచెట్టు దానికి మూడింతలు ఉంటుంది. తప్పు సమాచారం పిల్లలకు ఎలా చూపిస్తాం, కోసేద్దాం అన్నాను. చరిత్ర చెప్పే టీచర్ని కదా! మావాడు ఒప్పుకోలేదు. "వాళ్ళు టేపు పెట్టి కొలిచారా పిన్నీ? చీకట్లో మెడ ఎత్తి చూశారు" అన్నాడు. రెండూ ఉంచాం. వాళ్ళు తాటిచెట్టంత అంటుంటే తెర కింద "కొలతల ప్రకారం సుమారు 5 మీటర్లు" అని అక్షరాలు. చనిపోయినవారి సంఖ్య దగ్గరా అంతే. ప్రభుత్వ లెక్క 10 వేల దగ్గర ఉంటుంది, ఊళ్ళలో చెప్పేది దానికి ఎన్నో రెట్లు. వలస కూలీల పేర్లు ఏ లెక్కలోకి వస్తాయని ఒక తాత అడిగాడు. ఆ ప్రశ్న అలాగే పెట్టాం.

ఇక చెప్పాలా వద్దా అని ఆలోచించిన విషయం. ఒక మామ్మ గారు, ఊరి పేరు ఇక్కడ రాయను, తెల్లారాక జరిగింది చెప్పింది. శవాల ఒంటి మీద బంగారం పోయిందని, ఎవరు తీశారో తన కళ్ళతో చూశానని, ముక్కుపుడక కోసం ఏం చేశారో కూడా చెప్పింది. గొంతు వణకలేదు. మేం తీసిన పదకొండు గంటల్లో అంతకు మించిన ముక్క లేదు. ఉప్పెన మీద వచ్చే ప్రతి కథనంలోనూ సాయం చేసినవాళ్ళే ఉంటారు. ఇదీ జరిగిందని ఒకరైనా చెప్పాలి కదా అనిపించింది. అంగీకార పత్రం తెలుగులో చదివి వినిపించాం, వేలిముద్ర వేసింది.

నెల తర్వాత ఆవిడ కూతురు ఫోన్ చేసింది. "అమ్మ ఆ ముక్క తీసెయ్యమంటోంది టీచర్ గారూ. వాళ్ళూ మేమూ ఒకే వీధి. వాళ్ళ మనవడికీ మా పిల్లకీ సంబంధం అనుకుంటున్నాం."

ఊరి పేరు లేకుండా, ముఖం కనబడకుండా పెడదామని మావాడు. గొంతు చాలు, ఆ ఊళ్ళో ఎవరైనా పట్టేస్తారని నేను. పది రోజులు మాట్లాడుకోలేదు. వేలిముద్ర ఉంది కాబట్టి కాగితం ప్రకారం మాదే హక్కు, ఆ మాట కూడా అనుకున్నాం, దాచడమెందుకు. చివరికి తీసేశాను. ఆవిడది ఆరు నిమిషాలు పోయి రెండు నిమిషాలు మిగిలింది. సినిమా ఆ మేరకు తేలిపోయింది. నాకు తెలుస్తుంది, చూసేవాళ్ళకు తెలియదు. ఆ ఫైలు మా బీరువాలో హార్డ్ డిస్కులో ఉంది. పెళ్ళి కుదిరింది, మాకు శుభలేఖ కూడా వచ్చింది.

ఖర్చు మొత్తం 38 వేలు, అందులో సగం పెట్రోలే.

మొదట స్కూల్లోనే వేశాం, లైబ్రరీ గదిలో కిటికీలకు దుప్పట్లు కట్టి. అత్తగారిని రమ్మంటే రాలేదు. ఇంట్లో నా ఫోన్లో చూసింది, రెండుసార్లు. ఏమీ అనలేదు. ఆ రాత్రి పడుకోబోయే ముందు మాత్రం, "ఆ కొడవలి ఆయనది ఏ ఊరు?" అని అడిగింది. చెప్పాను. "ఊఁ" అంది.

స్కూల్లో సినిమా అయ్యాక దుప్పట్లు తీశాం. పిల్లలు కదల్లేదు. ప్రశ్నలుంటే అడగండి అన్నాను. చాలాసేపటికి వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచింది. "మేడం, పలుపులు కోశాడు కదా, ఆ గేదెలు బతికాయా?"

నా దగ్గర జవాబు లేదు. బ్యాటరీ మార్చిన నాలుగు నిమిషాల్లో పోయింది ఆ సంగతే. పద్నాలుగు నెలలు దాని మీద పనిచేసి, అది తెలియదన్న సంగతే నాకు తట్టలేదు. వాళ్ళ ముందే స్పీకర్ పెట్టి తాతగారికి ఫోన్ చేశాను. ఎవరు మాట్లాడుతున్నారో అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. ప్రశ్న మళ్ళీ ఆ పిల్లతోనే అడిగించాను.

"మావి రెండూ పోయాయమ్మా" అన్నాడు. "మూడో నాడు ఒక గేదె వచ్చి నిలబడింది, మా పాక ఉన్నచోట. మాది కాదు. పొదుగు నిండి అరుస్తోంది. పాలు పిండాను. ఎవరైనా వచ్చి అడుగుతారేమోనని రెండేళ్ళు చూశాను. ఎవరూ రాలేదు."