పోస్ట్‌కార్డంత కాగితం

జీబీఎస్, అంటే గిలియన్ బారే సిండ్రోమ్. డాక్టర్ ఆ పేరు చెప్పేనాటికి నా కాళ్లు మెట్లెక్కడం మానేశాయి, వేళ్లకి గుండీ పెట్టే బలం కూడా లేదు. ఏదో ఇన్‌ఫెక్షన్ వచ్చి తగ్గాక, దానితో పోరాడిన రోగనిరోధక వ్యవస్థే దారి తప్పి మన నరాల మీద పడుతుంది. నాకు ముందొచ్చింది మామూలు విరేచనాలే. తర్వాత పాదాల్లో తిమ్మిరి మొదలై పైకి పాకింది. ఆస్పత్రిలో ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు, ఎక్కించారు. జబ్బు ఊపిరి కండరాల దాకా వెళ్తుందేమోనని మాటిమాటికీ గొట్టంలోకి ఊదించి చూసేవారు. వెళ్లలేదు. ఐసీయూ గురించి ఇంతకంటే చెప్పాలని లేదు.

ఇంటికొచ్చాకే అసలు విసుగు మొదలైంది. "నరం పైపొర మాత్రమే పాడైతే త్వరగా కోలుకుంటారు. మీకు లోపలి తీగ కూడా దెబ్బతింది. అది రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరగాలి" అన్నారు న్యూరాలజిస్ట్. వెన్ను నుంచి వేలికొస దాకా ఎన్ని మిల్లీమీటర్లో మనసులోనే లెక్కేసుకుని దుప్పటి ముసుగేశాను.

వాటర్‌కలర్ పెట్టె తెచ్చింది మా చెల్లి. "అక్కా, ఎంతసేపని సీలింగ్ చూస్తావు?" అంటూ ఫ్రెంచ్ పెయింటర్ మతీస్ కథ ఎత్తుకుంది. లా చదివి గుమాస్తాగా ఉన్న ఆయన అపెండిసైటిస్‌తో మంచం పట్టినప్పుడు వాళ్లమ్మ రంగుల పెట్టె ఇచ్చిందట, 1890 ప్రాంతంలో. అక్కడి నుంచే పెయింటర్ అయ్యాడట. నాకంత ఆశ లేదు. గుండీ పెట్టుకోగలిగితే అదే పదివేలు అనుకుంటున్న రోజులవి.

కానీ బ్రష్ పట్టుకోగానే ఒకటి అర్థమైంది. పెన్నుకి ఒత్తిడి కావాలి, పెన్సిల్‌కీ కావాలి. వాటర్‌కలర్ బ్రష్‌కి అక్కర్లేదు. తడి కాగితాన్ని కొస తాకితే చాలు, మిగతా పని నీళ్లు చూసుకుంటాయి. ఫిజియోథెరపిస్ట్ బ్రష్ కాడకి స్పాంజి చుట్టి లావు చేసి ఇచ్చారు. పిడిలో నీళ్లు నింపుకునే వాటర్‌బ్రష్ మంచం మీద వాళ్లకి సులువని చాలామంది చెప్తారు. దాన్ని నొక్కడానికి వేళ్లలో బలం ఉండాలని వాళ్లకి తట్టదు కాబోలు. నాకు ఆరో నంబరు రౌండ్ బ్రష్షే హాయి.

చెల్లి 22 × 30 అంగుళాల కాగితాన్ని స్కేలు ఆనించి 16 ముక్కలుగా చింపేది. ఒక్కోటీ ఐదున్నర అంగుళాల వెడల్పు, ఏడున్నర పొడవు. నాకు అదీ ఎక్కువే అనిపిస్తే ఇంకోసారి సగం చేసేది. 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు) మందపాటి కాగితం ఆ సైజులో తడిసినా పెద్దగా వంకర పోదు, బోర్డుకి అతికించే పని ఉండదు. అలసట వచ్చేలోపు బొమ్మ అయిపోతుంది. ఈ జబ్బులో అలసట చెప్పి రాదు, స్విచ్ ఆపినట్టు ఒళ్లు ఆగిపోతుంది. పెద్ద కాగితం మొదలుపెట్టి ఉంటే సగంలో వదిలేసిన బొమ్మలే మిగిలేవి.

ఇక రంగుల సంగతి. అల్ట్రామెరైన్ నీలంలో బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్రమట్టి గోధుమరంగు కలిపితే బూడిద రంగు వస్తుంది. నీలం ఎక్కువైతే వాన మబ్బు, సియెన్నా ఎక్కువైతే పాత గోడ. అల్ట్రామెరైన్ రేణువులు గరుకు కాగితం గుంటల్లోకి మెల్లగా దిగి, ఆరాక సన్నటి ఇసుక చల్లినట్టు కనిపిస్తాయి. దాన్ని మనం గీయలేం, జరగనివ్వాలి. నేను ఎక్కువగా వేసింది మంచం పక్కనున్న గాజు గ్లాసునే. గ్లాసులో మెరుపుకి తెల్లరంగు వాడను. అక్కడ కాగితాన్ని ముట్టుకోకుండా వదిలేయాలి, ఆ ఖాళీయే వెలుగు. ముదురుగా వేశాననుకున్న రంగు ఆరాక ఒక మెట్టు వెలిసిపోతుంది, కాబట్టి కాస్త ధైర్యం చేసి చిక్కగానే వేయాలి.

అన్నిటికంటే నచ్చింది ఆరేదాకా ఆగడం. సగం ఆరిన చోట తడి బ్రష్ పెడితే కాలీఫ్లవర్ అంచులాంటి మరక పడుతుంది. అందుకని బ్రష్ పక్కన పెట్టి వెనక్కి వాలాల్సిందే. "రెస్ట్ తీసుకో" అని రోజంతా వినివిని నాకు రెస్ట్ అంటేనే ఒళ్లు మండేది. ఇది మాత్రం రంగు కోసం ఆగడం, నా కోసం కాదు. ఆ తేడా ఎంత పెద్దదో మంచం పట్టినవాళ్లకి తెలుస్తుంది.

చూడ్డానికి వచ్చినవాళ్లంతా "మంచి థెరపీ" అనేవారు. నాకు ఆ మాట నచ్చదు. థెరపీ అంటే ఫిజియోథెరపిస్ట్ చేయించింది: వ్యాయామానికిచ్చే మెత్తటి పుట్టీ ముద్ద పిసకడం, నాణేలు ఏరడం, గోడ పట్టుకుని లేవడం. వేళ్లు తిరిగొచ్చింది వాటివల్ల, కాలంవల్ల. బొమ్మలు వేసింది బాగుంటుందని వేశాను. జబ్బుపడ్డవాళ్లు చేసే ప్రతి పనికీ మందు అని పేరు పెట్టడం ఎందుకో! ఒంట్లో బాగాలేకపోయినా ఊరికే సరదా పడొచ్చు.

ఇప్పుడు గుండీలు పెట్టుకుంటున్నాను, సగం పూట ఉద్యోగానికి వెళ్తున్నాను. ఎడమ పాదంలో తిమ్మిరి ఇంకా ఉంది. చిన్న పెట్టె బ్యాగులోనే ఉంటుంది, ఎక్కడైనా కూర్చోవాల్సి వస్తే బయటికి తీస్తాను. ఆకుపచ్చ మాత్రం లొంగడం లేదు. థాలో గ్రీన్ ఒక చుక్క పడినా కాగితాన్ని పట్టేసి కడిగినా పోదు. "అక్కా, చెట్లన్నీ ప్లాస్టిక్‌వా?" అంటుంది చెల్లి. ఆ ట్యూబు దానికే ఇచ్చేసి, నీలం, పసుపు కలిపి చూస్తున్నాను.