మెక్‌లెల్లన్ జీను: కిటుకంతా కంబళి మడతలోనే ఉంది

అమెరికాలో పాత సామాను దుకాణాల్లో, వేలాల్లో ఎక్కువగా కంటబడే సైనిక జీను మెక్‌లెల్లన్‌ది. ముందూ వెనకా ఎత్తుగా లేచిన కొయ్య కమానులు, వాటిని కలుపుతూ రెండు పక్కపలకలు, ఆ పలకల మధ్య పొడవునా ఖాళీ. కింద మెత్త లేదు, కూర్చునే చోటా మెత్త లేదు. కొత్తగా చూసినవాళ్ళు ఇంకా తయారీ పూర్తికాలేదేమో అనుకుంటారు. అలాంటి జీనును అమెరికా సైన్యం 1859లో తీసుకుని, నమూనాలు మారుస్తూనే అయినా, 1940లలో గుర్రపు దళం రద్దయ్యేదాకా వాడింది. ఎనభై ఏళ్ళు ఒక జీను నిలబడిందంటే దాని కట్టుబడిలో ఏదో ఉండాలి. అదేమిటో, ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ గుర్రం వీపు పుండు చేస్తుందో వివరంగా చెప్పుకుందాం.

చరిత్ర రెండు ముక్కల్లో. 1855లో అమెరికా యుద్ధమంత్రి జెఫర్సన్ డేవిస్ ముగ్గురు అధికారులను ఐరోపాకు పంపాడు. అప్పుడక్కడ క్రిమియా యుద్ధం నడుస్తోంది. ఆ ముగ్గురిలో చిన్నవాడు కెప్టెన్ జార్జ్ మెక్‌లెల్లన్. మిగతా ఇద్దరు మేజర్ డెలాఫీల్డ్, మేజర్ మోర్డెకాయ్. అక్కడి దళాల సరంజామా చూసి వచ్చి మెక్‌లెల్లన్ ఒక జీను ప్రతిపాదించాడు. అప్పటిదాకా వాడుకలో ఉన్నది 1847 నాటి గ్రిమ్స్‌లీ జీను. కొత్తది దానికంటే తేలిక, చవక, మరమ్మతుకూ సులువు. అమెరికా అంతర్యుద్ధంలో (1861–65) గుర్రాలతో పాటు జీన్లూ లక్షల్లో కావలసి వచ్చినప్పుడు ఈ చవకతనమే దాన్ని గెలిపించింది. మెక్‌లెల్లన్ తర్వాత పెద్ద సేనాపతి అయ్యాడు గానీ, సేనాపతిగా కన్నా ఈ జీనుతోనే ఎక్కువ కాలం నిలిచాడని నా ఉద్దేశం.

కమానులు బీచ్ కర్రతో, పక్కపలకలు పాప్లర్ కర్రతో చేసి అతికిస్తారు. కమానుల మీద ఇనుప పట్టీలు వేసి పలకలకు రివెట్లు కొడతారు. మొత్తం చట్రానికి సఫేదా (తెల్ల సీసపు రంగు) పూసి, తడిపిన పచ్చితోలు తొడిగి బిగించి కుడతారు. తోలు ఆరేకొద్దీ ముడుచుకుని కర్రను అన్ని వైపుల నుంచీ పట్టేస్తుంది. చట్రం బలమంతా ఆ పట్టులోదే. ఇది ఊనిన (శుద్ధిచేసిన) తోలు కాదు, పచ్చిది కాబట్టి వానకు తట్టుకోదు. నానితే సాగుతుంది, మళ్ళీ ఎండలో ఆరితే కుట్ల వెంబడి పగులుతుంది. 1859 నమూనాలో ఈ పచ్చితోలు మీదే నేరుగా కూర్చునేవారు. కుట్టు విచ్చుకుని అంచులు పైకి లేచిన జీను మీద రోజంతా స్వారీ చేస్తే రౌతు తొడలు ఏమవుతాయో ఊహించుకోవచ్చు. అందుకే 1870లలో పచ్చితోలు మీద నల్లటి ఊనిన తోలు కప్పడం మొదలుపెట్టారు.

మధ్యలో ఖాళీ రౌతు సుఖానికి పెట్టింది కాదు. బరువంతా వెన్నెముకకు అటూ ఇటూ ఉన్న కండల మీద పడాలి, వెన్నెముక మీద గుడ్డ తప్ప ఇంకేమీ ఆనకూడదు, దాని వెంబడి గాలి ఆడాలి. ఈ మూడూ ఆ ఖాళీతో సాధ్యమయ్యాయి. ఇక్కడిదాకా మెక్‌లెల్లన్‌ది గొప్ప జీనే. చిక్కంతా పక్కపలకల దగ్గర వచ్చింది. అవి కదలవు. వాటి వంపు ఒకటే. గుర్రాల వీపులు మాత్రం ఒక్కలా ఉండవు, పైగా ఒకే గుర్రం వీపు నెల తిరిగేసరికి మారిపోతుంది. దండయాత్రలో తిండి చాలక గుర్రం చిక్కితే వీపు కండ కరిగి, మూపు ఎముక పైకి తేలి, ముందు కమాను దాని మీదికి దిగుతుంది.

కొనేవాళ్ళు తరచూ పొరపడే సంగతి ఒకటుంది. అంతర్యుద్ధ కాలపు జీనుల ముందు కమాను మీద డాలు ఆకారంలో ఇత్తడి రేకు ఉంటుంది, దాని మీద కొలత చెక్కి ఉంటుంది: 11, 11½ లేదా 12 అంగుళాలు. అది కూర్చునే చోటు పొడవు, అంటే రౌతు కొలత. గుర్రం వీపు వెడల్పుకూ దానికీ సంబంధం లేదు. గుర్రానికి జీను కుదిర్చే భారమంతా కంబళి మీద పడింది.

సైన్యం ఇచ్చిన కంబళి స్వచ్ఛమైన ఉన్నిది. నీలిమందు రంగు, అంచుకు మూడు అంగుళాలు లోపలగా నారింజరంగు చార, మధ్యలో అదే రంగులో "యు.ఎస్." అక్షరాలు. పొడవు 75 అంగుళాలు, వెడల్పు 67. దీన్ని ఆరు పొరలుగా మడవాలి. ముందు బాగా దులపాలి, ఒక్క గడ్డిపరక చిక్కుకున్నా సాయంత్రానికి పుండే. పొడవు పైనుంచి కిందికి వచ్చేలా రెండు మూలలూ పట్టుకుని, మడత సరిగ్గా ఆ రెండు అక్షరాల మధ్యగా పడేలా నిలువునా సగానికి మడవాలి. ఇప్పుడు రెండు పొరలు. మడతపెట్టిన అంచు వెంబడి ఎడమచేతిని మూడింట రెండు వంతులు కిందికి జార్చి అక్కడ పట్టుకుని, రెండు చేతులూ దగ్గరికి తెచ్చి, మిగిలిన మూడోవంతును లోపలికి తిప్పాలి. మూడు మడతలు రెండేసి పొరలు, మొత్తం ఆరు. చేతిలో మిగిలేది సుమారు 25 అంగుళాలకు 33 అంగుళాల దిండులాంటి ముక్క. మూలలు పట్టుకుని మళ్ళీ ఒకసారి గట్టిగా దులిపితే పొరల మధ్య ముడతలు సర్దుకుంటాయి. గుర్రానికి ఎడమవైపు నుంచి వెళ్ళి దాన్ని మూపు మీద, ఉండాల్సిన చోటుకన్నా ముందుకు వేసి, అక్కడి నుంచి వెనక్కి జరపాలి. వెంట్రుకలు పడుకున్న దిక్కు అదే కాబట్టి అవి నున్నగా సర్దుకుంటాయి. మరీ వెనక్కి పోయిందని ముందుకు లాగకూడదు, ఎత్తి తీసి మళ్ళీ ముందు నుంచి మొదలుపెట్టాలి. కంబళి కింద చిక్కిన జూలు వెంట్రుకలను బయటికి లాగేయాలి.

జీను పెట్టేముందు కమాను కిందికి వచ్చే కంబళిని వేళ్ళతో పైకెత్తి కమానులోకి తొయ్యాలి. చాలామంది వదిలేసే పని ఇదే. అలా చెయ్యకపోతే పొట్టపట్టీ బిగించగానే కంబళి మూపు మీద డోలు తోలులా బిగుసుకుంటుంది. అప్పుడు కమాను మూపుకు తగలకపోయినా కంబళే ఒరిపిడి పెడుతుంది. రౌతు ఎక్కి కూర్చున్నాక కూడా మూపుకూ కమానుకూ మధ్య రెండు వేళ్ళు సులువుగా దూరాలి, మధ్య ఖాళీలో ముందు నుంచి వెనక్కి వెలుగు కనబడాలి. ఎక్కకముందు చూసిన కొలత లెక్కలోకి రాదు. పక్కపలకల ముందుకొసలు భుజపుటెముక కదలికకు అడ్డంరాకుండా దాని వెనక ఉండాలి. వెనక కొసలు నడుము మీద ఆనకూడదు.

పొట్టపట్టీ కట్టుబడి తెలివైనది. ముందు కమాను మీద నుంచి ఒక తోలుపట్టీ, వెనక కమాను మీద నుంచి ఇంకొకటి దిగి కింద ఒక రింగులో కలుస్తాయి. పొట్టపట్టీ ఆ రింగుకు కడతారు. కాబట్టి బిగువు రెండు కొసలకూ పంచుకుంటుంది, జీను ముందుకో వెనక్కో ఎత్తుకోదు. ఏదైనా ఒక పట్టీ పొట్టిదయితే మాత్రం రింగు అటు జరిగి ఆ కొస వీపులోకి గుచ్చుకుంటుంది. పాత జీనుల్లో పట్టీలు సాగి ఉంటాయి కాబట్టి ఎడమా కుడీ రెండూ కొలిచి చూడటం మంచిది. ఎంత బిగించాలి? పట్టీకీ పొట్టకూ మధ్య వేలు దూరాలి. జీను కట్టేటప్పుడు గుర్రం పొట్ట ఉబ్బించి పెట్టుకుంటుంది. అందుకే దళాలు బయలుదేరిన కాసేపటికే మొదటిసారి ఆగి పట్టీలు సరిచూసుకునేవి. ఆ తర్వాత గంటకోసారి కాసేపు ఆగేవి, మధ్యలో కొంత దూరం రౌతులు దిగి గుర్రాలను నడిపించుకు పోయేవారు.

దిగగానే జీను లాగేయడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. గంటలకొద్దీ బరువు కింద నలిగిన చర్మంలోకి రక్తం ఒక్కసారిగా తోసుకొస్తే బొబ్బలు లేస్తాయి. పట్టీ వదులుచేసి, జీనూ కంబళీ పావుగంట అలాగే ఉంచి, వీపు చల్లబడ్డాక తీసి, అరచేత్తో తట్టి రుద్దాలి. కంబళి తీసినప్పుడు చెమట తడిని బాగా గమనించాలి. పలకల కింద తడి ఒకేలా పరుచుకుని ఉంటే జీను కుదిరినట్టు. తడి మధ్యలో చేతి వెడల్పు పొడి మచ్చ కనిపిస్తే అక్కడ ఒత్తిడి ఎక్కువై చెమట కూడా పట్టలేదని అర్థం. ఆ చోటే నాలుగు రోజుల్లో వాచి పుండు పడుతుంది. పాత పుండ్లు మానినచోట తెల్లవెంట్రుకలు మొలుస్తాయి. గుర్రం కొనేటప్పుడు మూపు పక్కన తెల్లమచ్చలు వెతికేది అందుకే.

పుండు ఉన్న చోటే తప్పు ఎక్కడ జరిగిందో చెబుతుంది. మూపు మీదయితే గుర్రం చిక్కింది, లేదా కంబళి కమానులోకి ఎత్తలేదు. నడుము మీదయితే వెనక మూటల బరువు ఎక్కువైంది, లేదా రౌతు అలసి వెనక్కి వాలి కూర్చుంటున్నాడు. మోచేయి వెనకయితే పొట్టపట్టీ మురికిపట్టి గట్టిపడింది, లేదా మెలిపడింది. వీపుకు ఒక్క పక్కే అయితే రికాబులు ఎక్కువతక్కువగా ఉన్నాయి, లేదా మూటలు సమంగా లేవు. రౌతు కొద్దీ గుర్రం అన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం.

పుండు పడ్డాక దాని మీద ఇంకో గుడ్డ మడిచి పెట్టడం అందరికీ తోచే వైద్యం. అది తప్పు. అక్కడ మందం పెరిగితే ఒత్తిడీ పెరుగుతుంది. పుండుకు అటూ ఇటూ, పలక కింద ఆరోగ్యంగా ఉన్న కండ మీద అదనపు మందం వేసి, పుండు ఉన్న చోటు మీదికి జీను దిగకుండా ఎత్తాలి. చిక్కిన గుర్రానికీ ఇదే సూత్రం: మందం పలకల కింద పెరగాలి, వెన్నెముక మీద కాదు.

బరువు సంగతి. ముందు కమానుకు మూడు, వెనక కమానుకు మూడు తోలుపట్టీలు ఉంటాయి. ముందు చుట్టచుట్టిన ఓవర్‌కోటు, వెనక గుడారపు గుడ్డ, కంబళి, దాని కింద జీనుసంచులు. ఒకవైపు కత్తి, కుడివైపు కార్బైన్ (పొట్టి తుపాకీ) గొట్టం దూరే తోలు గూడు, వీటితో పాటు దాణాసంచి, 30 అడుగుల తాడు, నేలలో దిగగొట్టే ఇనుప మేకు. గుర్రానికి రోజుకు నిర్ణయించిన మేత 14 పౌన్ల ఎండుగడ్డి, 12 పౌన్ల గింజలు. మూడు రోజుల గింజలు వెంట మోసుకెళ్ళాలంటేనే 36 పౌన్లు, పదహారు కిలోలకు పైమాటే. ఆ బరువంతా సహజంగా వెనక్కే చేరుతుంది. ముందు మూట పలచగా, వెనక మూట ఎత్తుగా ఉన్న జీను కనిపిస్తే నడుము పుండు రాబోతోందనే లెక్క. మూట వెనక కమాను ఎత్తు దాటకుండా పొడవుగా చుట్టి, రెండు కొసలూ కిందికి వాలేలా కట్టాలి, మధ్యలో అది గుర్రం వీపుకు తగలకూడదు.

కదలని పలకలే జబ్బు అని సైన్యాలకూ తెలుసు. బోయర్ యుద్ధంలో మూడు లక్షలకు పైగా గుర్రాలను పోగొట్టుకున్న బ్రిటిష్ సైన్యం, 1912 యూనివర్సల్ నమూనాలో ఉక్కు కమానులకు పక్కపలకలను కీలుతో బిగించింది. వీపు మారితే పలకా కొంత తిరుగుతుంది. అదే ఏడాది అమెరికా కూడా కీలు పలకల జీను తయారుచేసింది గానీ, అది దళాలకు నచ్చక మళ్ళీ 1904 మెక్‌లెల్లన్‌కే వచ్చేశారు. కీలు ఆలోచన మంచిదే, కాకపోతే దానికి శ్రద్ధగా చూసుకునే చేతులు కావాలి. మన హైదరాబాద్ కంటింజెంట్ (నిజాం రాజ్యంలో బ్రిటిష్ అధికారుల కింద ఉన్న సైన్యం) నుంచి పుట్టిన 20వ దక్కన్ హార్స్ అనే గుర్రపు దళంలో సిల్లాదారీ పద్ధతి ఉండేది. గుర్రం, జీను ఖర్చు సవారు పెట్టుబడి నుంచే. గుర్రం పాడైతే నష్టం తన జేబుకే కాబట్టి వీపు చూసుకోవడం పైవాడు చెప్పకుండానే జరిగేది. 1916 జులై 14న ఫ్రాన్స్‌లో సోమ్ యుద్ధంలో హైవుడ్ దగ్గర ఈటెలతో దూకిన దళం అదే.

ఇప్పుడు ఒక మెక్‌లెల్లన్ చేతికి వస్తే ఏ నమూనానో తోలు రంగే సగం చెబుతుంది. కూర్చునే చోట పచ్చితోలు బయటికి కనిపిస్తే తొలినాళ్ళది. నల్లతోలు కప్పి ఉంటే 1870లది లేదా ఆ తర్వాతది. గోధుమరంగు తోలయితే 1904 లేదా ఆ తర్వాతది, కాళ్ళ కింద పెద్ద తోలు రెక్కలు ఉంటే 1928 సవరింపు. మొదటి ప్రపంచ యుద్ధానికి విపరీతంగా తయారుచేసి మిగులు అమ్మేశారు కాబట్టి ఎక్కువగా దొరికేది 1904దే. నల్లరంగు వేసి అంతర్యుద్ధ కాలపుదని అమ్మేవాళ్ళూ ఉన్నారు. పట్టీల కింద, ఎండ తగలని చోట తోలు రంగు చూస్తే బయటపడుతుంది.

చట్రం గట్టిగా ఉందో లేదో చూడాలంటే ముందు కమానును తొడకు ఆనించి వెనక కమానును నెమ్మదిగా నొక్కాలి. కిర్రుమన్నా, పక్కపలక వంగినట్టు అనిపించినా లోపల కర్ర విరిగినట్టే. విరిగిన పలకను పైన తోలు కప్పేసి ఉంటుంది, కంటికి కనబడదు. అలాంటిది గుర్రం మీద వేస్తే విరిగిన అంచు కత్తిలా దిగుతుంది. స్వారీకి ఇప్పటివాళ్ళు చేసే కొత్త చట్రాలు వాడుకోవాలి. పాతదాన్ని శుభ్రం చేసేటప్పుడు పచ్చితోలుకు నూనె పట్టించకండి, మెత్తబడి కర్రను వదిలేస్తుంది. ఊనిన తోలు పట్టీలకు కూడా పలచగా ఒక్క పూత చాలు, ఎక్కువైతే కుట్టుదారం కుళ్ళుతుంది. ఎర్రటి పొడి రాలుతున్న తోలును నూనె కాపాడలేదు, దాన్ని వంచకుండా, జీను ఆకారంలో ఉన్న కొయ్య దిమ్మ మీద పరిచి ఉంచాలి. గోడకు మేకు కొట్టి ఒక్క కమాను మీద వేలాడదీస్తే కొన్నేళ్ళలో కమాను అతుకే విడిపోతుంది.